టికెట్టు వెనక సగం లైను

దసరాకు నాలుగు రోజుల ముందు దేవుడి గదిలో కూర్చుని ఇత్తడి కుందులు తోముకుంటున్నాను. హాల్లో మా కోడలు ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతోంది. ఖమ్మంలో మా ఇంట్లోనే కూర్చుని ఏదో కంపెనీకి కంప్యూటర్ పని చేస్తుంది, పైథాన్ అనే కంప్యూటర్ భాషలో. ఆ మాటలు నా చెవిన పడుతూనే ఉంటాయి గానీ లోపలికి పోవు. ఆ రోజు పోయాయి.

"అంత పెద్ద ఫైల్‌ను ఒకేసారి తెరిస్తే ల్యాప్‌టాప్ ఆగిపోక ఏం చేస్తది? దాని మెమరీ ఎంత? పైథాన్‌ల ఒక్కో లైన్ చదివించు. ఒక్కటి చూడు, దాని పని చెయ్, వదిలెయ్. మళ్ల ఇంకోటి."

నా చేతిలో కుంది అట్లాగే ఉండిపోయింది. ఒక్కటి చూడు, దాని పని చెయ్, వదిలెయ్. ఈ మాటలు ఇదే వరసలో నేను తొంభైల్లో భద్రాచలంలో రోజుకు పదిసార్లు విన్నాను. చెప్పినాయన ఇప్పుడెక్కడున్నాడో, అసలున్నాడో లేదో నాకు తెలియదు. ఆయన గురించి నాకు తెలియనివి చాలా ఉన్నాయి. వాటిలో ఒకటి మాత్రం ఇన్నేళ్లయినా తేలలేదు.

అప్పట్లో మావారు భద్రాచలం, కొత్తగూడెం మధ్య తిరిగే బస్సులో కండక్టరు. నాకు బడి చదువు లేదు. ముదిగొండ దగ్గర మా ఊళ్లో మా నాన్నగారు పలక మీద దిద్దించిందే చదువు. తెలుగు, లెక్కలు, ఇంగ్లీషు అక్షరాలు ఇంట్లోనే నేర్పారు. దస్తూరి బాగుంటుందని ఎవరో చెప్పగా ఒక ఆఫీసులో నన్ను రోజు కూలికి పిలిచారు. ఏ ఆఫీసన్నది ఇప్పుడు అనవసరం. అడవి వైపు మండలాలన్నిటికీ కొత్త రేషన్ కార్డులు ఇవ్వబోతున్నారు. ఇంటింటి వివరాలు ఖమ్మంలో కంప్యూటర్లోకి ఎక్కించి, ఫ్లాపీలనే చదరపు డిస్కుల్లో నింపి మాకు పంపేవారు. మా దగ్గరున్న ఒకే ఒక్క కంప్యూటర్లో వాటిని ఊళ్ల వారీగా సర్ది, కార్డుల జాబితా తయారు చేయాలి. తెర మీద పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఉండేవి. ఆ కంప్యూటర్ నడిపే సార్, నేను చెప్తున్న ఆయనే, పైకి చదివితే నేను రిజిస్టర్లో తెలుగులో రాయాలి. అదీ నా పని. అన్నం పెట్టిన పని, కాదనను.

కంప్యూటర్ ఉన్న గదికి నల్ల పరదా, చల్లటి గాలి, గుమ్మం బయట చెప్పులు. మొదటి రోజు నేను లోపలికి పోతూ చేతులెత్తి దణ్ణం పెట్టాను.

"ఎవరికి చెల్లె దండం?" అన్నాడాయన, తెర మీంచి చూపు తిప్పకుండానే.

"చెప్పులు బయట విడవమన్నారు కదండీ. లోపల దేవుడున్నాడేమో అనుకున్నాను."

"దేవుడైతే అన్నీ యాదికుంచుకుంటడు. దీనికి ఏమీ ఆగది. కరెంటు పోతే నన్ను గూడ గుర్తుపట్టదు."

యాభై దాటిన మనిషి. ఇల్లందు బొగ్గుగనుల్లో పనిచేసిన కుటుంబం. అట్టముక్కలకు చిల్లులు కొట్టి లెక్కలు చేసే కాలంలో కంప్యూటర్ పని నేర్చుకున్నాడట. అంతకు మించి ఆయన జీవితం నాకు తెలియదు. ఆయన అన్నం తినే తీరు మాత్రం బాగా తెలుసు. టిఫిన్ డబ్బా తెరిచి, ఒక్క ముద్దకు సరిపడా అన్నం పక్కకు జరిపి, దానికి సరిపడా పప్పు పోసి కలిపేవాడు. ఆ ముద్ద తిన్నాక చెయ్యి దులుపుకుని మళ్లీ ఇంకో ముద్ద. అరగంట పట్టేది.

"అన్నం చల్లారిపోతుంది కదండీ, ఒకేసారి కలుపుకోరాదా" అన్నానొకసారి.

"పళ్లెం పెద్దగున్నదని నోరు పెద్దగయితదా?" అన్నాడు. మళ్లీ కంప్యూటర్ వైపు గడ్డంతో చూపించాడు. "దాని నోరు ఇంకా చిన్నది. మన ఫైలేమో గోదారి. అంతా ఒక్కసారి పోస్తే ఉక్కిరిబిక్కిరై సస్తది. దానికొచ్చినట్టు దానికి పెట్టాలె. ఒక్కటి చూడు, దాని పని చెయ్, వదిలెయ్."

ఆ వదిలెయ్ అన్న మాట దగ్గర ఎడమ చెయ్యి గాల్లోకి తెరిచేవాడు, పిట్టను వదిలినట్టు. రోజంతా అదే. ఒక పేరు చదువుతాడు, నేను రాస్తాను, చెయ్యి తెరుచుకుంటుంది. నిన్న చదివిన ఊరి పేరు ఇవాళ అడిగితే, "నన్నడుగుతవేంది? నీ రిజిస్టర్ల సూడు" అనేవాడు. నా పేరు కూడా ఆయన పలకగా నేను వినలేదు. గుర్తుండేది కాదేమో. అందరూ ఆయనకు చెల్లెలే, అన్నే.

నాకొక అలవాటు ఉండేది. పేరు రాశాక కలం ఎత్తే ముందు ఒక్క క్షణం ఆగి, ఈ ఇల్లు చల్లగా ఉండాలి స్వామీ అనుకునేదాన్ని. మనం తినే మెతుకే వాళ్లకూ అందబోతోంది కదా. వారం తర్వాత ఆయన పట్టేశాడు.

"ప్రతి పేరుకాడ ఆగుతున్నవు. చెయ్యి నొప్పా?"

సిగ్గుపడుతూ చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"ఆగు చెల్లె. మిషను గూడ గంతసేపు తీసుకుంటది. ముగ్గురం ఒక్క తీరుగ పోతం."

ఇక టికెట్ల సంగతి. ఖమ్మంలో ఆ పెద్ద ఫైలును ఫ్లాపీల్లోకి ముక్కలుగా కోసేవాళ్లు లోపల ఏముందో చూసేవారు కాదు. ఆయన మాటల్లోనే చెప్పాలి. "వడ్లు బస్తాలకెత్తినట్టు ఎత్తుతున్నరు. బస్తా నిండంగనే కుట్టేస్తరు. ఆ కుట్టు ఎవని మెడ మీద పడ్డదో సూడరు." ప్రతి ఫ్లాపీ చివర ఒక ఇంటి లైను సగంలో తెగిపోయేది. ఊరు, ఇంటి నంబరు, యజమాని పేరు ఈ ఫ్లాపీలో. భార్యాపిల్లల వివరం తరువాతి ఫ్లాపీ మొదట్లో. అది రావడానికి వారం పది రోజులు పట్టేది. ఈ లోపల మేము మొదటిది ఖాళీ చేసి వెనక్కి పంపితే, వాళ్లు దాన్నే తుడిచి మళ్లీ నింపేవారు. ఫ్లాపీలు ఉన్నవే పది.

సగం లైనును ఆయన రాసిన ప్రోగ్రాం తీసుకునేది కాదు. తెర మీద చూపించి ఊరుకునేది. అప్పుడాయన జేబులోంచి ఒక బస్సు టికెట్టు తీసి, దాని వెనక ఆ సగం లైను రాసి, బల్ల మీద గాజు బరువు కింద పెట్టేవాడు. తరువాతి ఫ్లాపీ వచ్చాక రెండు సగాలూ కలిపి తనే టైపు చేసేవాడు. అందాకా ఆ పేరు నా రిజిస్టర్లోకీ ఎక్కేది కాదు. ఆ టికెట్లు మావారు ఇచ్చినవే. బస్సు దిగుతూ జనం పారేసిన వాటిని ఏరి నాతో పంపేవారు.

"అంత చిన్న ముక్కలెందుకండీ, తెల్ల కాగితాలు ఉన్నాయి కదా" అన్నాను.

"పెద్ద కాయితమైతే ఇంకోటి రాయబుద్దయితది. గిది ఒక్కదానికే పడ్తది. చేతుల ఒక్కటే ఉండాలె, గది మాత్రం జారొద్దు."

జార్చింది నేను.

ఆ ఏడు దసరాకు ఆఫీసులో ఆయుధపూజ చేయమని నాకే చెప్పారు. నాకది వరంలా తోచింది. తెల్లవారే తలస్నానం చేసి, స్వామి దర్శనం చేసుకుని వచ్చి, గది ఊడ్చి, బల్ల తుడిచి, గాజు బరువును కూడా కుంకుడుకాయ రసంతో కడిగాను. బల్ల మీద చిత్తుకాగితాలూ చీటీలూ అన్నీ ఎత్తి పెరట్లో ఆకులతో కలిపి కాల్చేశాను. కంప్యూటర్‌కు పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి, హారతి ఇచ్చాను. ఆయన వచ్చి, "లోపల్కి పసుపు పోకుండ సూసినవు గద" అని నవ్వుతూ బల్ల వైపు చూశాడు. మెరుస్తున్న గాజు బరువును ఎత్తాడు. కింద ఏమీ లేదు.

"ఈడ టికెట్టుండె."

అప్పుడు తట్టింది నాకు. పెరడు వైపు చెయ్యి చూపించాను. ఆయన వెళ్లి బూడిద చూసి వచ్చాడు. తిట్టలేదు. ఆ ఫ్లాపీ అప్పటికే ఖమ్మం పోయి తుడిచేయబడింది. వచ్చిన కొత్త ఫ్లాపీ తెరిస్తే మొదటి లైను ఇది: భార్య, ఇద్దరు ఆడపిల్లలు, ముసలి తల్లి. ఎవరి భార్యో, ఎవరి తల్లో లేదు. నలుగురు ఆడవాళ్లు, పైన పేరు లేకుండా.

అధికారి కొట్టిపారేశాడు. "ఒక్క ఇల్లే గదయ్యా. ఖమ్మం నుంచి మల్ల తెప్పించాలంటె పది రోజులు. జాబితా ఎల్లుండి అచ్చుకు పోవాలె. కార్డు రాకుంటె వాళ్లే వచ్చి అడుగుతరు తియ్."

"అడగనోళ్లుంటరు సార్" అన్నాడాయన.

జాబితా పోయిందంటే మళ్లీ కార్డులు రాసేది ఎన్నేళ్లకో. అన్నాళ్లూ ఆ ఇంటికి బియ్యం ఉండవు. నా భక్తి వల్ల ఒక ఇంటి అన్నం కాలిపోయింది.

సాయంత్రం ఆయన రిజిస్టర్ ముందేసుకుని వేలితో చూపించాడు. తెగిన లైనుకు ముందు రాసిన ఇల్లు టేకులపల్లి అవతల అడవిలో ఒక గుంపుది. గుంపు అంటే ఆ వైపు కోయవాళ్ల ఇళ్లున్న చిన్న ఊరు. ఆ తరువాత ఇల్లు కూడా ఆ గుంపుదే. కనుక పోయిన ఇల్లు ఆ గుంపులోనే ఉంది. "రేపు పోదాం. రిజిస్టర్ పట్టుకుని రా."

మర్నాడు మావారి బస్సే ఎక్కాం. మావారు మా ఇద్దరికీ టికెట్లు కొట్టి, సార్‌ది సార్‌కిచ్చి, నాది నా చేతిలో పెడుతూ, "టికెట్టు కాల్చినందుకు టికెట్టు కొనాల్సిందే" అన్నారు. బస్సులో అందరి ముందూ. సార్ పడీ పడీ నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది.

కొత్తగూడెంలో మారి, టేకులపల్లిలో దిగి, బురద దారిన నడిచాం. సార్‌కు మోకాళ్ల నొప్పులు. ప్రతి మలుపు దగ్గరా నిలబడేవాడు. గుంపులో పాతిక ఇళ్లు ఉంటాయేమో. నేను అనుకున్నదేమిటంటే అందరినీ ఒకచోటికి పిలిచి పేర్లు చదివిస్తే పది నిమిషాల పని. ఆయన ఒప్పుకోలేదు. మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టాడు. గడప దగ్గర నిలబడి యజమాని పేరు అడుగుతాడు, నేను రిజిస్టర్లో చూసి ఉందంటాను, ఆయన ఎడమ చెయ్యి గాల్లో తెరుచుకుంటుంది, తరువాతి ఇంటికి నడుస్తాడు. ఇళ్లలోపల నాకు తెలియని భాషలో మాటలు, నవ్వులు. నన్ను చూసేనేమో.

పద్నాలుగో పదిహేనో ఇంటి ముందు ఒకాయన వెదురు చీలుస్తున్నాడు. పక్కన ముసలామె, ఇద్దరు ఆడపిల్లలు. నేను ఇంకా రిజిస్టర్ తెరవలేదు. సార్ చెమట తుడుచుకుంటూ అన్నాడు:

"ఏం కన్నయ్యా, బాగున్నవా?"

ఆయన కత్తి ఆపాడు. "నా పేరు నీకెట్ల ఎరుక సారూ?"

సార్ రుమాలు మొహం మీద నుంచి తియ్యలేదు. "పక్కింటోళ్లు చెప్పిండ్రు" అన్నాడు.

పక్కింటి వాళ్లు చెప్పలేదు. నేను పక్కనే ఉన్నాను కదా. ఇంటింటికీ ఆయన అడిగింది వాళ్ల పేరే. రిజిస్టర్లో ఆ గుంపు పేజీ తీశాను. కన్నయ్య లేడు. లోపల్నుంచి భార్య వచ్చింది. లెక్క సరిపోయింది: భార్య, ఇద్దరు ఆడపిల్లలు, ముసలి తల్లి. సార్ జేబులోంచి ఆ ఉదయపు టికెట్టు తీసి, వెనక రాసి, నా చేతికిచ్చాడు. "ఈసారి కొంగుకు ముడేస్కో." ముడి వేసుకున్నాను. ఆ పిల్లల తలల మీద చెయ్యి వేసి స్వామికి ఎన్ని దణ్ణాలు పెట్టుకున్నానో.

ఇక వెనక్కి తిరుగుదామని నేను. ఆయన తరువాతి ఇంటికి నడిచాడు.

"దొరికారు కదండీ."

"ఉన్నయన్ని సూసినంకనే అయిపోయినట్టు."

చివరి ఇల్లు కూడా అయ్యాక, జొన్న చేలో మంచె మీద ఒక ముసలామె కనిపించింది. పిట్టల్ని కొడుతోంది. సార్ కింద నిలబడి పేరు అడిగాడు. చెప్పింది. రిజిస్టర్లో లేదు. ముందు పేజీ, వెనక పేజీ చూశాను, లేదు.

"ఇండ్లు రాసెటోళ్లు రాలేదా అవ్వా?"

"వచ్చిండ్రట. నేను గీన్నే ఉంటి. మంచె కాడికి ఎవరొస్తరు బిడ్డా."

"మరి దిగొచ్చి అడగలేదా?"

"అడిగితే జొన్న పిట్టలపాలైతది. రాస్తే ఏమొస్తది?"

"బియ్యమొస్తయి."

"ఒండేటోళ్లను గూడ రాయి మల్ల."

ముగ్గురం నవ్వాం. ఆమె ఎవరి లెక్కలోనూ లేదు. ఏ ఫ్లాపీలోనూ, సగంగానైనా లేదు. కొత్త పేరు చేర్చే అధికారం సార్‌కు లేదు, ఆ సంగతి నాకూ తెలుసు. సార్ చెయ్యి చాపాడు. "నీ టికెట్టియ్యి చెల్లె." నా టికెట్టు ఇచ్చాను. దాని వెనక ఆమె పేరు రాశాడు.

తిరుగు బస్సులో అడిగాను. "కన్నయ్య పేరు మీకు ముందే గుర్తుందా అండీ?"

"గుర్తుంటె ఇంత దూరం నడుస్తనా, మోకాళ్ల నొప్పులోణ్ని" అని కళ్లు మూసుకున్నాడు.

మర్నాడు అధికారి ముందు రెండు టికెట్లూ పెట్టాడు. "పోయింది ఒకటన్నవు గదయ్యా" అన్నాడు అధికారి. "రెండు సార్. నేనే పారేసిన" అన్నాడు సార్. నేను నోరు తెరవబోతే బల్ల కింద నుంచి నా కాలి మీద కాలు పెట్టాడు. ఆ కాలు తీసేదాకా మాట్లాడలేదు నేను. రెండు పేర్లూ జాబితాలోకి ఎక్కాయి. ఇంత అజాగ్రత్త మనిషి వద్దని, ఆ నెల తిరిగేసరికి ఆయన్ని ఇల్లందు పంపించేశారు. నిజం చెప్తే ఆ ముసలామె పేరు కొట్టేస్తారని భయపడి ఊరుకున్నానా, నా కూలి పోతుందని ఊరుకున్నానా, అది కూడా నాకు స్పష్టంగా తెలియదు.

వెళ్లే రోజు గుమ్మం బయట చెప్పులు తొడుక్కుంటూ, "టికెట్లకు మీ ఆయనకు దండాలు చెప్పు" అన్నాడు. అంతే.

ఇన్నేళ్లుగా తిప్పి తిప్పి చూసుకుంటాను. పేరు ఆయనకు గుర్తుంటే పండగ నాడే టైపు చేసి పడేయొచ్చు. నన్ను అంత దూరం ఎందుకు నడిపించాడు? నా తప్పు నాకు మనిషి రూపంలో చూపించాలనా? గుర్తున్నదని తనమీద తనకే నమ్మకం లేకనా? గుర్తులేకపోతే ఆ గడప ముందు ఆ పేరు ఎట్లా వచ్చింది? నేను ఆ టికెట్టు కాల్చకపోతే మంచె మీది అవ్వ దగ్గరికి ఎవరు పోయేవారు? అట్లా అని కాల్చినందుకు స్వామికి కృతజ్ఞత చెప్పుకోవచ్చా? చెప్పుకోబోతే ఇల్లందు బస్సెక్కుతున్న ఆయన మోకాళ్లు కనిపిస్తాయి. క్షమించమని అడగబోతే మంచె మీది నవ్వు వినిపిస్తుంది. రెండిట్లో ఏదీ పూర్తిగా నోటికి రాదు.

కోడలు ఫోన్ పెట్టేశాక అడిగాను. "లైను సగంలో తెగితే ఏం చేస్తావమ్మా?"

"అది పైథానే చూసుకుంటది అత్తమ్మా. తెగిన ముక్కను పట్టుకుని తర్వాతదానికి కలుపుకుంటది."

"మరి ఫైల్లోనే లేనివాళ్లుంటే?"

ఆమె నా మొహంలోకి చూసింది. "లేనోళ్లను ప్రోగ్రాం ఎట్ల చూస్తది అత్తమ్మా?"

"నిజమే" అన్నాను.

ఆయుధపూజ నాడు ఆమె ల్యాప్‌టాప్‌కు నేనే బొట్టు పెట్టాను. బల్ల తుడుస్తుంటే మూత పక్కన ఒక పసుపుపచ్చ చీటీ ఉంది, ఏదో గీకి ఉంది దాని మీద. గుడ్డ దాని చుట్టూ తిప్పి తుడిచాను. చీటీ కింద దుమ్ము అట్లాగే ఉంది. హారతి ఇచ్చేటప్పుడు కోడలు చూసి, "అది చెత్తే అత్తమ్మా, తీసెయ్" అంది.

"చదివి చూసి, నువ్వే తియ్యమ్మా" అన్నాను.